వేటకు ముందు రాత్రి ఐసు లెక్క

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు వేటకు బయలుదేరే ముందు డీజిల్, మంచినీళ్లు, బియ్యం, వలలు ఒక్కొక్కటిగా ఎక్కుతాయి. ఏ ఒక్కటి తక్కువైనా ఇబ్బందే. కానీ తిరిగొచ్చాక రేవులో పలికే ధర చాలావరకు ఆ రాత్రి నింపుకున్న ఐసు మీదే ఆధారపడుతుంది.

ఎంత ఐసు కావాలి? కాగితం మీద లెక్క సులువు. బంగాళాఖాతం పైనీటి నుంచి వలలో పడిన చేప ఒళ్లు సుమారు 28 డిగ్రీలు ఉంటుంది. కిలో చేపను అక్కడి నుంచి సున్నాకు దించాలంటే దాని నుంచి దాదాపు 24 కిలోకేలరీల వేడి లాగాలి. కిలో ఐసు కరిగేటప్పుడు 80 కిలోకేలరీలు పీల్చుకుంటుంది. అంటే కిలో చేపకు 300 గ్రాముల ఐసు సరిపోవాలి. అయినా మన వేడి ప్రాంతాల్లో కిలోకు కిలో ఐసు ఉండాలంటారు. మిగతా 700 గ్రాములు చేపను చల్లబరచడానికి కాదు, వచ్చిపడే వేడితో పోరాడడానికి. పక్కనే ఇంజను మండుతుంటుంది, చెక్క గోడల గుండా వేడి దిగుతుంది, మూత తెరిచిన ప్రతిసారీ వెచ్చని గాలి లోపలికి వస్తుంది. ఇది ఒక్కరోజుతో పోయే బాధ కాదు; వేట సాగినన్నాళ్లూ ఉంటుంది.

ఐసు కరిగిపోతోందని దిగులుపడతాం గానీ, చల్లబరిచేది ఆ కరగడమే. కరిగిన నీరు చేపల సందుల్లోకి జారి, గడ్డ తాకలేని చోట్లను కూడా తాకుతుంది, పైనున్న జిగురునూ బ్యాక్టీరియానూ కడుగుతూ పోతుంది. ఆ నీరు బయటికి పోయే దారి లేకపోతే మాత్రం అడుగు చేపలు మురికినీటిలో నానతాయి. ఐసును ముందే నలగ్గొట్టి నింపుకుంటే చేపకు బాగా అతుక్కుంటుంది, కానీ గాలి తగిలే ఉపరితలం పెరిగి త్వరగా కరుగుతుంది. దూరం వెళ్లే బోటుకు గడ్డలుగా తీసుకెళ్లి అవసరమైనప్పుడు నలగ్గొట్టడమే మేలు.

ఎంత దూరం వెళ్లాలో తేల్చుకోవడానికి ఇప్పుడు ఇంకో సాయం ఉంది. సముద్రమే లేని హైదరాబాద్‌లో ఉండి సముద్రాన్ని గమనించే సంస్థ ఇన్‌కాయిస్. ఉపగ్రహాలు కొలిచిన నీటి ఉష్ణోగ్రత, నీటిలోని సూక్ష్మమైన మొక్కల పత్రహరితం ఆధారంగా చేపలు గుమిగూడే అవకాశమున్న చోట్లను అది తెలియజేస్తుంది. మబ్బు దట్టంగా కమ్మితే ఆ కొలతలు అందవు. అందిన రోజు వెతుకులాట తగ్గి, డీజిల్‌తో పాటు ఐసూ మిగులుతుంది.

ఐసు విషయంలో అసలు పరీక్ష సూర, అంటే ట్యూనా. దాని మాంసంలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ. చేప చచ్చాక వేడిలో ఉంటే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మారుస్తుంది. కానాగంతలకూ, అంటే మాకెరల్ చేపలకూ ఇదే ప్రమాదం ఉంది. హిస్టమిన్ ఎక్కువైన చేప తింటే ముఖం ఎర్రబడుతుంది, దద్దుర్లు లేస్తాయి, తలనొప్పి వస్తుంది. చేప వాసన బాగానే ఉండొచ్చు. ఎంత ఉడికించినా హిస్టమిన్ పోదు. బోటులో ఐసు చాలక జరిగిన నష్టాన్ని వంటింట్లో సరిదిద్దే ఉపాయం లేదు.