మందుకి దారి, మనిషికి కోడ్

1972 ఏప్రిల్ 20న మన దేశంలో కొత్త పేటెంట్ల చట్టం అమల్లోకి వచ్చింది. మందుల విషయంలో అందులోని 5వ సెక్షన్ ఒక మెలిక పెట్టింది. మందుకి పేటెంట్ ఇవ్వరు, దాన్ని తయారుచేసే పద్ధతికే ఇస్తారు. అదీ దరఖాస్తు నుంచి ఏడేళ్లు లేదా పేటెంట్ చేతికొచ్చాక ఐదేళ్లు, ఏది ముందైతే అంతవరకే. అదే మందుని వేరే దారిలో చేయగలిగితే ఇక ఎవరూ అడ్డు చెప్పలేరన్నమాట.

హైదరాబాద్‌కి ఈ మెలిక బాగా కలిసొచ్చింది. బాలానగర్‌లో సోవియట్ సాయంతో కట్టిన ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ ప్లాంట్ అప్పటికే ఉంది. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులూ ఇంజనీర్లూ చాలామంది తర్వాత సొంత కంపెనీలు పెట్టుకున్నారు. 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టిన అంజిరెడ్డి కూడా అక్కడ పనిచేసినవారే. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరుల్లో బిళ్లల్లోకి వెళ్లే అసలు మందుని తయారుచేసే బల్క్ డ్రగ్ యూనిట్లు వెలిశాయి. వాటి వెంట కాలుష్యం గొడవలూ వచ్చాయి, అది వేరే వ్యాసానికి సరిపడా కథ. తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో ఎ.వి. రామారావు బృందం ఎయిడ్స్ మందు జిడోవుడిన్ తయారీకి పద్ధతి కనిపెట్టి ఇస్తే, సిప్లా కంపెనీ 1993లో ఆ మందుని మార్కెట్లోకి తెచ్చింది.

వేరే దారి అంటే ఏమిటో ఐబుప్రోఫెన్‌తో చూస్తే సులువుగా అర్థమవుతుంది. పంటి నొప్పికీ ఒళ్లు నొప్పులకీ వేసుకునే బిళ్లే. 1960లలో ఇంగ్లండ్‌లోని బూట్స్ కంపెనీ పేటెంట్ చేసిన దారిలో ఆరు స్టేజీలు ఉన్నాయి. మొదలు ఐసోబ్యూటైల్‌బెంజీన్. దానికి ఒక ఎసిటైల్ ముక్క తగిలిస్తారు. ఆ తర్వాత క్లోరోఎసిటేట్‌తో చర్య జరిపి, విరగ్గొట్టి ఆల్డిహైడ్ చేస్తారు. దాన్ని ఆక్సైమ్‌గా, ఆక్సైమ్‌ని నైట్రైల్‌గా, నైట్రైల్‌ని చివరికి ఆమ్లంగా మారుస్తారు. ఇందులో వాడిన పదార్థాల బరువులో దాదాపు 40 శాతమే మందులోకి చేరుతుంది. మిగతాదంతా వ్యర్థంగా డ్రమ్ముల్లోకి, బయటికి వదిలే మురికినీళ్లలోకి పోతుంది.

తర్వాత బూట్స్, హోక్స్ట్ సెలనీస్ కలిసి మరో దారి వేశాయి. మొదటి స్టేజీ దాదాపు అదే, కాకపోతే అల్యూమినియం క్లోరైడ్ బదులు హైడ్రోజన్ ఫ్లోరైడ్ వాడతారు. దాన్ని మళ్లీ పట్టి వాడుకోవచ్చు. రెండో స్టేజీలో నికెల్ ఉత్ప్రేరకంతో హైడ్రోజన్ చేర్చి ఆల్కహాల్ చేస్తారు. మూడో స్టేజీలో పల్లాడియం సాయంతో కార్బన్ మోనాక్సైడ్ చొప్పిస్తే నేరుగా ఐబుప్రోఫెన్ వచ్చేస్తుంది. మూడు స్టేజీలతో పని అయిపోయింది, మందులోకి చేరే వాటా 77 శాతానికి పెరిగింది. 1992లో అమెరికాలోని టెక్సస్‌లో ఈ పద్ధతిలో ప్లాంట్ మొదలైంది, 1997లో అక్కడి ప్రభుత్వం దీనికి గ్రీన్ కెమిస్ట్రీ అవార్డు ఇచ్చింది. బిళ్ల మింగేవాడికి రెండూ ఒకటే.

కానీ లాబ్‌లో మందులోని పదార్థాలని విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం ముందు కూర్చున్నవాడికి ఒకటి కాదు. ఏ దారిలో వచ్చినా ఆ దారి మచ్చలు సరుకులో మిగులుతాయి. మన ఆర్ అండ్ డి వాళ్లు రోజూ తిట్టుకునే ‘ఇంప్యూరిటీ ప్రొఫైల్’ అంటే అదే. పక్కవాడి ఫ్యాక్టరీలోకి వెళ్లి చూడలేం, అతని సరుకులో పదిలక్షల్లో కొన్ని పాళ్లున్న మలినాన్ని మాత్రం పట్టుకోగలం. దారి మార్చితే మలినం మారుతుంది, ఒక్కోసారి ప్రమాదకరంగా కూడా. 2018లో బీపీ మందు వల్‌సార్టాన్ విషయంలో అదే జరిగింది. ఒక తయారీదారు పద్ధతి మార్చి డైమిథైల్‌ఫార్మమైడ్‌ని ద్రావణిగా వాడాడు. తయారీలో వాడగా మిగిలిపోయిన అజైడ్ అనే రసాయనాన్ని చంపడానికి సోడియం నైట్రైట్ వేశాడు. ఈ రెండింటి నుంచీ వచ్చిన ముక్కలు కలిసి ఎన్‌డీఎమ్‌ఏ అనే క్యాన్సర్ కారకం పుట్టింది. ఆ జూలైలో యూరప్‌లో ఆ మందుని మార్కెట్ నుంచి వెనక్కి తెప్పించడం మొదలయ్యాక, ఎన్‌డీఎమ్‌ఏ జాతికి చెందిన నైట్రోసమైన్లు వెతకడం మన జీడిమెట్ల లాబ్‌లకీ నిత్యకృత్యమైంది.

2005 జనవరి నుంచి మన దగ్గర కూడా మందుకే 20 ఏళ్ల పేటెంట్ ఇస్తున్నారు కాబట్టి కొత్త మందుల విషయంలో దారి మార్చడం ఒక్కటే సరిపోదు. అయినా మందు పేటెంట్ తీరిపోయాక దారుల పేటెంట్లు అడ్డు నిలుస్తాయి. పేటెంట్ అంటే కాపలా ఒక్కటే అనుకుంటాం, నిజానికి అదొక బేరం. కనిపెట్టింది అందరికీ విప్పి చెప్పాలి, బదులుగా 20 ఏళ్లు ఇంకెవరూ చేయకుండా హక్కు తీసుకోవాలి. కెమిస్ట్రీ పేటెంట్లు ఈ బేరాన్ని చాలావరకు నిలబెట్టుకుంటాయని నా అభిప్రాయం. ఎన్ని గ్రాములు, ఎంత ఉష్ణోగ్రత, ఎన్ని గంటలు కలియబెట్టాలి, చివరికి చేతికొచ్చే సరుకు ఎంత, అన్నీ ఉంటాయి. అసలు కిటుకు దాచేవాళ్లు లేకపోలేదు, కానీ చదివిన ఎమ్మెస్సీ కుర్రాడు ఫ్లాస్క్ పట్టుకుని మొదలుపెట్టగలడు.

సాఫ్ట్‌వేర్ ఈ బేరాన్ని నిలబెట్టుకుంటుందా? ఇక మాదాపూర్ వైపు వెళ్దాం. ఆసుపత్రుల్లో రోగుల రికార్డులు నడిపే సాఫ్ట్‌వేర్ అక్కడ బోలెడు తయారవుతోంది. ఇక్కడ చట్టం వేరేలా అడ్డుపడుతుంది. 3వ సెక్షన్‌లోని ‘కె’ క్లాజు ప్రకారం ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కీ, ఆల్గరిథమ్‌కీ పేటెంట్ లేదు, ఏదో సాంకేతిక ప్రయోజనం చూపించాలి. అందుకే దరఖాస్తులు ఈ ధోరణిలో సాగుతాయి: ఒక ప్రాసెసర్, దానికి మెమరీ, రోగి వివరాలు స్వీకరించే మాడ్యూల్, వాటిని పాత రికార్డులతో సరిపోల్చే మాడ్యూల్, ఫలితం చూపే మాడ్యూల్ గల వ్యవస్థ. బొమ్మలో ఐదు డబ్బాలు, మధ్యలో బాణాలు. సరిపోల్చేది ఎలాగయ్యా అంటే జవాబు ఉండదు. అసలు సంగతే అది కదా!

సరిపోల్చడం చిన్న పని కాదు. లక్ష్మి అనే పేరుని కౌంటర్‌లో ఒకరు ఎల్-ఎ-కె-ఎస్-హెచ్-ఎమ్-ఐ అని కొడతారు, మరొకరు మధ్యలో ఎక్స్ పెట్టి కానిచ్చేస్తారు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక. ఒకే మనిషికి రెండు ఫైళ్లు తయారవుతాయి.

దీనికి అమెరికాలోని పిట్స్‌బర్గ్‌కి చెందిన రాబర్ట్ రస్సెల్ 1918లోనే పేటెంట్ తీసుకున్నాడు. కంప్యూటర్లు లేని రోజులవి, కార్డుల పెట్టెల కోసం కట్టిన పద్ధతి. పేరుని అక్షరాలతో కాకుండా శబ్దంతో సర్దాలన్నాడు. నోట్లో ధ్వని పుట్టే చోటుని బట్టి పెదవులవి ఒక గుంపు, దంతాలవి ఒక గుంపు. కవర్గ చవర్గాలు వల్లెవేసిన మనకి ఇదేం వింత కాదు. తర్వాత కొన్ని మార్పులతో ‘సౌండెక్స్’గా స్థిరపడ్డ రూపంలో మొదటి అక్షరం అలాగే ఉంచి, అచ్చులతో పాటు హెచ్, డబ్ల్యూ, వై కూడా తీసేసి, మిగతా హల్లుల గుంపులకి 1 నుంచి 6 దాకా అంకెలు వేస్తారు. మూడు అంకెలు రాగానే ఆపేస్తారు, తక్కువైతే సున్నాలు పెడతారు. పక్కపక్కనే ఒకే అంకె వస్తే ఒక్కసారే లెక్క. మన ఇద్దరు లక్ష్ములకీ ఎల్-250 వస్తుంది. శ్రీనివాస్‌లో శ్రీకి ఐ ఒకటి పెట్టినా, ఇ రెండు పెట్టినా ఎస్-651.

ఇబ్బంది ఎక్కడంటే వెంకట్, వెంకటేశ్, వెంకటయ్య, వెంకటేశ్వర్లు, వెంకటరమణ, అందరికీ వి-523. హైదరాబాద్‌లో ఏ పెద్దాసుపత్రిలోనైనా ఆ ఒక్క గుంపులో ఎంతమంది ఉంటారో ఊహించుకోండి. మరోవైపు ఎల్లయ్యని ఒకసారి ఇ-తో, ఒకసారి వై-తో మొదలుపెడితే కోడ్ మారిపోయి ఇద్దరు మనుషులవుతారు. అయినా రస్సెల్ పేటెంట్ చదివినవాడు పెన్సిల్‌తో ఆ పద్ధతి వాడగలడు, ఎక్కడ తప్పుతుందో కూడా చూడగలడు. ఇప్పటి డబ్బాల బొమ్మలతో అది కుదరదు. ప్రోగ్రామ్ రాసిన కంపెనీ మూతపడితే ఆ ‘మాడ్యూల్’ కూడా దాంతోనే పోతుంది.

పేరుతో పాటు పుట్టిన తేదీ, ఫోన్ నంబర్, ఊరు కలిపి మార్కులు వేయడం ఇప్పటి పద్ధతి. మన దగ్గర అందులోనూ చిక్కులే. ఒక్క ఫోన్ నంబర్ మీద ఇంటిల్లిపాదీ ఉంటారు, ఆధార్‌లో జనవరి 1న పుట్టినవాళ్లకి లెక్కలేదు. ఒకే మనిషి రెండు ఫైళ్లుగా ఉండిపోతే టెస్టులు మళ్లీ చేయించాలి, డబ్బు దండగ. ఇద్దరు వెంకటయ్యల ఫైళ్లు కలిసిపోతే మాత్రం ఒకరి పెన్సిలిన్ అలర్జీ ఇంకొకరి ఖాతాలో పడుతుంది, అలర్జీ ఉన్నవాడికి ఇంజెక్షన్ పడుతుంది. అందుకే అనుమానం వచ్చినచోట కలిపేయకుండా, మెడికల్ రికార్డ్స్ సెక్షన్‌లో మనిషి చూడాల్సిన వరసలో పెట్టే సాఫ్ట్‌వేరే మంచిది.

2021 సెప్టెంబర్‌లో దేశమంతా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబర్ ఇస్తోంది. అది చెబితే పేరుతో పనిలేదు, చెప్పని వాళ్లకీ పాత ఫైళ్లకీ సరిపోల్చక తప్పదు. ఆసుపత్రుల మధ్య రికార్డులు మార్చుకోవడానికి ఈ మిషన్ వాడే ‘ఫైర్’ ప్రమాణం ఎవరైనా ఉచితంగా వాడుకునేది. ఈ రోగి మీ దగ్గర ఉన్నాడా అని అడిగే పద్ధతి అందులో ఉంది, ‘ఖాయం’, ‘బహుశా’, ‘కావచ్చు’, ‘కానే కాదు’ అని జవాబు చెప్పే పద్ధతీ ఉంది. ఆ జవాబుకి ఎలా రావాలో మాత్రం ప్రమాణం చెప్పదు, ఎవరి సాఫ్ట్‌వేర్‌కి వాళ్లకే వదిలేసింది.