మళ్లీ కాన్పు ఉందనగా బ్రెస్ట్ లిఫ్ట్ చేయించుకోవచ్చా? అపోహలు - వాస్తవాలు

"మేడం, రెండో బేబీకి వచ్చే ఏడాది ప్లాన్ చేస్తున్నాం. ఈలోపు లిఫ్ట్ చేయించేసుకుంటే ఒక పని అయిపోతుంది కదా!" జారిన రొమ్ములను పైకి సర్దే ఆపరేషన్ అయిన బ్రెస్ట్ లిఫ్ట్ గురించి ప్లాస్టిక్ సర్జన్‌గా నేను పదే పదే వినే మాట ఇది. సెలవులకు అమెరికా నుంచి హైదరాబాద్ వచ్చినవాళ్లయితే తిరుగు టికెట్ తేదీ దగ్గర పెట్టుకుని మరీ అడుగుతారు. డబ్బూ ఆరోగ్యమూ ఎక్కువగా పోయేది ఈ అపోహతోనే కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

అపోహ: ఒకసారి లిఫ్ట్ చేయించుకుంటే, తర్వాత కాన్పయినా రొమ్ములు అలాగే ఉంటాయి.

అలా ఉంటాయని ఏ సర్జనూ హామీ ఇవ్వలేరు. గర్భంతో ఉన్నప్పుడు పాల గ్రంథులు పెరిగి చర్మం సాగుతుంది. పాలు మాన్పించాక గ్రంథులు తగ్గిపోతాయి కానీ, సాగిన చర్మం పూర్తిగా వెనక్కి రాదు. లిఫ్ట్‌లో మేం చేసేది సాగి అదనంగా మిగిలిన చర్మం తీసేసి, లోపలి కణజాలాన్ని పైకి సర్ది కుట్టడం. చర్మం మళ్లీ సాగకుండా ఆపే శక్తి ఆ కుట్లకు లేదు. ఎవరికి ఎంత సాగుతుందో ముందే చెప్పడానికి ఏ పరీక్షా లేదు.

అంటే వచ్చే ఏడాది కాన్పు అనుకుంటూ ఈ ఏడాది లిఫ్ట్ చేయించుకుంటే రెండోసారి ఆపరేషన్ దాకా వెళ్లాల్సి రావచ్చు. అందం కోసం చేసే ఆపరేషన్‌కు ఇన్సూరెన్స్ రాదు, రెండుసార్లూ చేతి డబ్బే. పైగా రెండో ఆపరేషన్ మొదటిదాని కంటే కష్టం. చనుమొనకు రక్తం అందే దారిని మొదటి సర్జన్ ఏ వైపున ఉంచారో తెలియకుండా కోస్తే చనుమొనే దెబ్బతినొచ్చు. అందుకే ఇప్పటికే ఆపరేషన్ అయినవాళ్లకు చెబుతున్నాను, డిశ్చార్జ్ సమ్మరీతో సరిపెట్టుకోకండి. ఆపరేషన్ నోట్స్ కాపీ అడిగి తీసుకుని దాచుకోండి.

దగ్గర్లోనే ఇంకో బిడ్డను కనాలనుకుంటే ఆగండి. కాన్పులన్నీ అయ్యాక, పాలు పూర్తిగా మాన్పించిన తర్వాత కనీసం మూడు నుంచి ఆరు నెలలు గడవాలి. పాలు ఇంకా ఊరుతుండగా ఆపరేషన్ చేస్తే ఇన్ఫెక్షన్ రావచ్చు, లోపల పాలు గడ్డకట్టొచ్చు. సైజు కూడా అప్పటికి కుదురుకోదు.

రొమ్ముల బరువుతో మెడ, భుజాలు లాగేస్తూ, కింద చర్మం ఒరిసి పుండ్లు పడేవాళ్ల సంగతి వేరు. వాళ్లది అందం గొడవ కాదు, బాధ. వాళ్లకు చేసేది రొమ్ముల సైజు తగ్గించే ఆపరేషన్. నా దగ్గరకు అలాంటి ఒకావిడ అత్తగారితో కలిసి వచ్చింది. "ఆపరేషన్ చేస్తే పుట్టబోయే బిడ్డకు పాలుంటాయా డాక్టరమ్మా?" అని ఆ పెద్దావిడ అడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చనుమొనను కింది గ్రంథితో, నరంతో కలిపే ఉంచి సైజు తగ్గిస్తే చాలామందికి కొంతైనా పాలు పడతాయి, పూర్తిగా సరిపోతాయని మాత్రం చెప్పలేం. చనుమొనను పూర్తిగా వేరు చేసి తిరిగి అతికించే పద్ధతిలో అయితే పాలమీద ఆశ పెట్టుకోకూడదు. అన్నీ విని, "అది రాత్రిళ్లు నిద్రపోవడం లేదమ్మా, చేసేయండి" అంది ఆ పెద్దావిడే. ఆ మాటతో కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలాంటివాళ్లను పిల్లలయ్యే దాకా ఓర్చుకోమనడం నాకు న్యాయంగా అనిపించదు.

అపోహ: పాలివ్వడం వల్లే రొమ్ములు జారిపోతాయి.

ఈ పుకారు నమ్మి మూడో నెలకే డబ్బాపాలకు మారిన తల్లుల్ని చూసినప్పుడల్లా బాధేస్తుంది. అమెరికాలోని కెంటకీ యూనివర్సిటీ సర్జన్ బ్రయన్ రింకర్ బృందం 2008లో ప్రచురించిన అధ్యయనంలో పాలివ్వడానికీ జారడానికీ సంబంధం కనిపించలేదు. వయసు, బరువు, కాన్పుల సంఖ్య, ముందునుంచీ ఉన్న సైజు, పొగతాగడం, ఇవే కారణాలుగా తేలాయి. బిడ్డకు నిశ్చింతగా పాలివ్వండి.

అపోహ: ఇంప్లాంట్ (రొమ్ము సైజు పెంచడానికి లోపల పెట్టే సిలికాన్ సంచి) ఉంటే సిలికాన్ పాలలో కలుస్తుంది.

1998లో కెనడాలో తల్లిపాలను పరీక్షిస్తే ఇంప్లాంట్ ఉన్నవాళ్ల పాలలోనూ లేనివాళ్ల పాలలోనూ సిలికాన్ మూలకం దాదాపు ఒకేలా ఉంది. ఆవుపాలలో, డబ్బాపాలలో అంతకంటే చాలా ఎక్కువ కనిపించింది. పసిపిల్లల కడుపుబ్బరానికి వేసే సిమెథికోన్ చుక్కలు కూడా సిలికాన్ రకమే. అసలు అడగాల్సింది కోత ఎక్కడ పెడతారని. చనుమొన చుట్టూ కంటే రొమ్ము కింది మడతలో పెడితే పాల నాళాలకు, నరానికి ముప్పు తక్కువ. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కాదన్నది కూడా లెక్కలో వేసుకోండి.

మసాజ్ నూనెలు, బిగించే క్రీముల గురించి రాయడానికి ఏమీ లేదు, కొనకండి.

ఆపరేషన్ అయ్యాక గర్భం వచ్చిందా? భయపడొద్దు. గైనకాలజిస్టుకూ పిల్లల డాక్టరుకూ ముందే చెప్పండి. బిడ్డ పుట్టిన గంటలోపే రొమ్ము పట్టించండి. మొదటి వారాల్లో బరువు తరచూ చూపించండి. మొదటి వారం దాటాక రోజుకు ఆరు సార్లు లేదా ఎక్కువగా డైపర్ తడుస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. చాలకపోతే డాక్టరు చెప్పినంత పైపాలు పట్టి, మీ పాలు కూడా ఇస్తూనే ఉండండి.