చివరి మెట్టు ముందు తీసేయండి

పిల్లల చేత సొంతంగా చేయించమని ప్రతి శిక్షణలోనూ చెబుతారు. ఎక్కడ చెయ్యి వదలాలో మాత్రం చెప్పరు. బోర్డు మీద ఒక్క లెక్క చేసి చూపించి, అభ్యాసం మొత్తం ఇంటిపని ఇచ్చేస్తే, పిల్లలు తిరగేసేది బుర్రను కాదు, గైడును.

చేసిన లెక్కలోంచి మెట్లను వెనక నుంచి ఒక్కొక్కటే తీసేస్తూ పోవడం దీనికి మంచి పద్ధతి. విద్యా మనస్తత్వ పరిశోధకులు రెంకల్, అట్కిన్సన్ బృందం 2002లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒకటి చేసి చూపించి ఒకటి చేయమనడం కన్నా ఇదే మెరుగైంది.

శాతాల పాఠం తీసుకోండి. చొక్కా ధర 800, తగ్గింపు 15 శాతం, ఆపైన జీఎస్టీ 5 శాతం. నాలుగు మెట్లు: తగ్గింపు 120, మిగిలింది 680, పన్ను 34, కట్టాల్సింది 714. ఇది పూర్తిగా చేసి ఇవ్వండి. రెండో లెక్కలో (1500, 20 శాతం) మూడు మెట్లు మీవి, చివరి కూడిక వాళ్లది. మూడోదాంట్లో (600, 10 శాతం) చివరి రెండూ వాళ్లవే. అలా ఐదో లెక్కకు కాగితం మీద ప్రశ్న తప్ప ఏమీ ఉండదు.

వెనక నుంచే ఎందుకు? మొదటి మెట్టు ఖాళీగా వదిలితే, అక్కడ తప్పినవాడికి మిగతా మూడూ తప్పుతాయి. ఎక్కడ దారి తప్పాడో వాడికీ తెలియదు, మీకూ తెలియదు. చివరిదైతే అప్పటిదాకా ఉన్నదంతా సరైనదే, తప్పు అక్కడే దొరుకుతుంది. కొత్త విషయం నేర్చేటప్పుడు మనసులో ఒకేసారి నిలిచేవి నాలుగైదు ముక్కలే. దారి వెతకడానికే అవి ఖర్చయిపోతే, నేర్చుకోడానికి చోటు మిగలదు.

అన్నీ విప్పి చూపిస్తే పిల్లలు సోమరులవుతారన్నది ఉపాధ్యాయుల్లో ఉన్న మూఢనమ్మకం. అసలు ప్రమాదం వేరే ఉంది: ఇచ్చిన మెట్లను చదవకుండా దాటేస్తారు. అందుకే మూడో మెట్టు పక్కన ఒక ప్రశ్న రాయండి: "5 శాతం 800 మీద కాకుండా 680 మీద ఎందుకు?" జవాబు ఒక్క వాక్యంలో రాయాలి. ఇదే లెక్క సొంతంగా చేసినవాడికి 720 వచ్చిందంటే పన్ను 800 మీద వేశాడు, లేదా 15లోంచి 5 తీసేసి 10 శాతం తగ్గించాడు. రెండు తప్పులకూ అంకె ఒకటే కాబట్టి ఆ వాక్యం చూస్తేగాని తేల్చలేరు.

ఇప్పటికే లెక్క వచ్చినవాళ్లకు ఇదంతా అడ్డమే. మెట్లున్న కాగితం వాళ్లను వెనక్కి లాగుతుందని కల్యుగా, స్వెల్లర్ తదితర పరిశోధకులు 2003లోనే రాశారు. పీరియడ్ మొదట్లోనే ఐదో లెక్క అందరికీ ఇచ్చి చూడండి. చేసేసినవాళ్లకు తిరగేసిన లెక్క ఇవ్వండి: 10 శాతం తగ్గింపు పోయి, 5 శాతం పన్ను కలిసి కట్టింది 945, అసలు ధరెంత? 1.05తో భాగిస్తే 900, దాన్ని 0.9తో భాగిస్తే 1000. 945లోనే 5 శాతం తీసేసినవాడి కాగితం మీద 897.75 కనిపిస్తుంది, వాడికి మూడో మెట్టు పక్కనున్న ప్రశ్న మళ్లీ వేయాలి.