పాత ఫైళ్లు దక్కాలంటే: అపోహలు - వాస్తవాలు

పాత తెలుగు పత్రికల, పుస్తకాల ఫైళ్లను కొత్త పరికరాల్లోకి, కొత్త రూపాల్లోకి మార్చడం నా వృత్తి. తరచుగా వినే కొన్ని మాటలకు ఇక్కడ జవాబు రాస్తున్నాను.

అపోహ: డిస్కు చెడిపోనంత కాలం అందులో ఉన్నది భద్రమే.

వాస్తవం: డిస్కును చదవగలగడం వేరు, ఫైలును తెరవగలగడం వేరు, తెరిచాక అక్షరాలు అక్షరాల్లా కనబడటం వేరు. ఒక చిన్న పత్రిక వారు తెచ్చిన సీడీలో 1990ల చివరి సంచికలన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. అయితే అవి పేజ్‌మేకర్ అనే పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్‌లో చేసిన ఫైళ్లు. ఆ సాఫ్ట్‌వేర్ చివరి వెర్షన్ 7.0 విడుదలైంది 2001లో. దాని తర్వాత అదే పనికి వచ్చిన ఇన్‌డిజైన్ కూడా సీఎస్6 అనే వెర్షన్ వరకే ఆ ఫైళ్లను తెరిచేది. ఇంట్లోవాళ్లు పాతసామానుకు వేసేయమని పోరుపెట్టే ఒక ముసలి కంప్యూటర్ నా దగ్గర ఉండబట్టి పేజీలు తెరుచుకున్నాయి గాని, తెలుగు ఉండాల్సిన చోటల్లా ఇంగ్లీషు అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపించాయి. ఆనాటి తెలుగు ఫాంట్లు తలకట్టునూ కొమ్మునూ వత్తునూ విడివిడి ముక్కలుగా చేసి, ఇంగ్లీషు అక్షరాలకు కేటాయించిన స్థానాల్లో ఇరికించేవి. ఏ ముక్క ఏ స్థానంలో ఉంటుందన్నది ఒక్కో సంస్థ ఫాంటులో ఒక్కో తీరుగా ఉండేది. ప్రపంచ భాషల ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్యను కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, కంప్యూటర్‌పై పేజీలు కూర్చే మన డీటీపీ రంగం ఆ తర్వాత చాలా ఏళ్లు ఈ ఫాంట్లతోనే నడిచింది. చివరికి అసలు ఫాంటును వెతికి పట్టుకుని, కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చితే, మంత్రి కాస్తా ‘వుంత్రి’గా, మనిషి ‘వునిషి’గా బయటికొచ్చారు. మిగిలింది ప్రూఫులు దిద్దే పని. నెలల తరబడి సాగింది.

అపోహ: పీడీఎఫ్ చేసి పెట్టుకుంటే ఇక చింత లేదు.

వాస్తవం: సగం నిజం. ఫైళ్లను దీర్ఘకాలం దాచడానికి ఉద్దేశించిన, 2005లో అంతర్జాతీయ (ఐఎస్ఓ) ప్రమాణమైన పీడీఎఫ్/ఎ అనే రకం ఫాంటును ఫైల్లోనే ఇముడ్చుకుంటుంది కనుక పేజీ రూపం నిలుస్తుంది. కానీ పాత ఫాంటుతో చేసిన పీడీఎఫ్‌లో కంటికి చక్కటి తెలుగు కనిపిస్తున్నా, ఒక వాక్యాన్ని కాపీ చేసి వేరేచోట అతికిస్తే మళ్లీ ఆ పిచ్చి గుర్తులే వస్తాయి. అందులో తెలుగు మాట వెతికినా దొరకదు.

అపోహ: ఖరీదైన, మన్నికైన పరికరం కొంటే చాలు.

వాస్తవం: పరికరం మన్నినా దాన్ని చదివే యంత్రం మన్నాలి కదా! సోనీ సంస్థ 2011లో జపాన్‌లో ఫ్లాపీల అమ్మకం ఆపేసింది. పెద్ద సంస్థలు సమాచారం దాచడానికి వాడే ఎల్‌టీఓ అనే అయస్కాంత టేపుల సంగతి చూడండి: ఏడో తరం డ్రైవు రెండు తరాల వెనుకటి టేపును కూడా చదివేది, ఎనిమిదో తరం డ్రైవు ఒక్క తరం వెనక్కే వెళ్లగలదు. కాబట్టి టేపు బాగున్నప్పుడే, డ్రైవు దొరుకుతున్నప్పుడే కొత్తదాంట్లోకి మార్చుకోవాలి. పెన్ డ్రైవు సంగతి ఇంకా అన్యాయం. విద్యుదావేశం రూపంలో ఉండే సమాచారం బీరువాలో ఏళ్ల తరబడి పడి ఉంటే మెల్లగా కారిపోతుంది.

అపోహ: కాపీ పూర్తయిందని కంప్యూటర్ చెప్పింది కదా.

వాస్తవం: ఆ మాట ఆ రోజుకే చెల్లుతుంది. ప్రతి ఫైలుకూ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్, అంటే ఫైల్లోని సమాచారం నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి సంకేతం, తీసి జాబితా రాసుకుంటే, ఫైల్లో ఒక్క బిట్ మారినా ఆ 64 అక్షరాల సంకేతం పూర్తిగా మారిపోయి పట్టిస్తుంది. ఏటా సంక్రాంతి సెలవుల్లో నేను ఈ జాబితాను సరిచూస్తాను. కిందటిసారి మూడు ఫైళ్లలో తేడా కనబడితే, వేరే ఊళ్లో ఉంచిన రెండో కాపీ నుంచి వాటిని తెప్పించుకున్నాను.