పిన్ను పట్టిందని పెట్టేయకండి

కిందటి వారం కాశీనగర్ నుంచి ఒక పెద్దాయన స్టీరియోను సంచిలో పెట్టుకుని పర్లాకిమిడిలో మా దుకాణానికి వచ్చారు. ఆరు పెద్ద సెల్లుల సెట్టు. "సెల్లులు కొనలేక సెట్‌టాప్ బాక్సు ఎలిమినేటర్, అదే అడాప్టర్, పెట్టాను బాబూ. పిన్ను చక్కగా పట్టింది. ఒక్క పాటైనా పాడలేదు" అన్నారు. మూత తీయకముందే కాలిన వాసన కొట్టింది.

అపోహ: పిన్ను పడితే ఎలిమినేటర్ సరిపోయినట్టే.

ఈ ఒక్క మాటకి కాలిన సెట్లు లెక్కపెట్టడం మానేశాను. అదే 5.5 మిల్లీమీటర్ల గుండ్రటి పిన్ను 5 వోల్టులదానికీ ఉంటుంది, 9కీ ఉంటుంది, 12కీ ఉంటుంది. పిన్ను చూసి వోల్టేజి చెప్పడం ఎవరి తరమూ కాదు. సెట్టు వెనక చూడండి. అక్షరాలు చెరిగిపోతే సెల్లులు లెక్కపెట్టండి. ఒక్కోటి 1.5 వోల్టులు, మామూలుగా వరసగానే కలిపి ఉంటాయి కాబట్టి నాలుగైతే 6, ఆరైతే 9, ఎనిమిదైతే 12. గడియారం కోసం విడిగా పెట్టే చిన్న సెల్లుల్ని కలపకండి.

తర్వాత ప్లస్ మైనస్. సాకెట్ పక్కన చిన్న బొమ్మ ఉంటుంది: మధ్యలో చుక్క, చుట్టూ అర్ధచంద్రం. చుక్క నుంచి వెళ్లే గీత ప్లస్, మైనస్‌లలో ఏ గుర్తుకి పోతే పిన్ను లోపల అది. పాత స్టీరియోల్లో చాలావాటికి లోపల మైనస్. ఇప్పటి రౌటర్, సెట్‌టాప్ బాక్సు ఎలిమినేటర్లకి దాదాపుగా లోపల ప్లస్. పెద్దాయన సెట్టుకి రెండూ తప్పాయి: 9కి బదులు 12, అదీ తిరగేసి. ఐసీ, అంటే లోపలి చిప్పు, పోయింది, పెద్ద కెపాసిటర్ ఉబ్బింది.

నేను ఆయన్ని ఏమీ అనలేదు. తొమ్మిదో తరగతిలో మా నాన్న టూ-ఇన్-వన్‌కి తీగలు తిరగేసి ఇచ్చింది నేనే. నాన్న తిట్టలేదు; మర్నాడు బస్సెక్కి బరంపురం వెళ్లి ఐసీ తెచ్చారు. ఈ పనిలోకి వచ్చింది అలాగే అనుకుంటాను.

బరువుగా ఉండే పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్ ఎలిమినేటర్ మీద 9 అని రాసున్నా, లోడు లేకుండా, అంటే సెట్టు తగిలించకుండా, మీటరు పెడితే 12, 13 చూపించవచ్చు. కొత్తది కొంటే రెగ్యులేటెడ్, అంటే లోడు ఉన్నా లేకపోయినా వోల్టేజి నిలకడగా ఇచ్చేది, అని అడిగి తీసుకోండి. వెనక డీసీ అని ఉందో లేదో కూడా చూడండి, ఏసీ ఇచ్చేవీ ఉన్నాయి.

అపోహ: ఆంపియర్లు ఎక్కువైతే సెట్టు కాలిపోతుంది.

దీనికి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. అనవసరం. కుండలో నీళ్లు ఎక్కువున్నాయని గ్లాసు పగలదు. 1 ఆంపియర్ సెట్టుకి 2 ఆంపియర్లది హాయిగా పెట్టుకోవచ్చు. తక్కువైతేనే బాధ: వాల్యూమ్ పెంచగానే పాట తడబడుతుంది, ఎలిమినేటర్ వేడెక్కుతుంది.

ఇక చిన్నవి. మీడియం వేవ్ పెడితే గరగర వస్తే రేడియో పోయిందని కాదు, చవక ఎలిమినేటర్ గోల అయ్యుండొచ్చు. తీసి సెల్లుల మీద విని చూడండి. కరెంటు మీద వాడేటప్పుడు అయిపోయిన సెల్లులు లోపల వదలకండి, కారి స్ప్రింగులు తినేస్తాయి. ఆటో బ్యాటరీకి నేరుగా తగిలించకండి. ఇంజను నడుస్తుంటే 14 వోల్టులు దాటుతుంది.

పెద్దాయన సెట్టు నిన్న పాడింది. 9 వోల్టులది వేరే ఇచ్చి, పాతదాని పిన్నుకి టేపు చుట్టి "టీవీకి మాత్రమే" అని రాశాను. చూసి, "ఒడియాలో కూడా రాయి బాబూ, మా మనవడికి తెలుగు చదవడం రాదు" అన్నారు.