వెళ్ళిన కరెంటు తిరిగి రావాలిగా!

ఒకే ఏడాదిలో మా పాత కారుకు రెండుసార్లు బ్యాటరీ మార్చాం. తీసేసిన రెండిట్లోనూ ఏ లోపమూ లేదని ఆ తర్వాత తెలిసింది.

తొంభైల్లో నాన్నగారు కొన్న చిన్న కారు అది. కార్బ్యురేటర్ ఇంజిన్. కంప్యూటరూ లేదు, సెన్సర్లూ లేవు. ఉండేది కాకినాడలో, ఉప్పుగాలికి గేటు తాళం కూడా తుప్పు పట్టే చోట. దాని జబ్బు ఒక్కటే. తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు, అంతే. ఇంజిన్ కదలదు. హెడ్‌లైట్లు మాత్రం పెళ్ళి పందిట్లోలా వెలుగుతాయి. షాపులో బ్యాటరీ వీకైందన్నారు, మార్చాం. కొత్తది నిండు ఛార్జీతో వస్తుంది కాబట్టి కొన్నాళ్ళు నెట్టుకొచ్చింది. మళ్ళీ టక్. సెల్ఫ్ మోటారు విప్పించి కార్బన్ బ్రష్షులు వేయించాం. మళ్ళీ టక్. రెండో బ్యాటరీ కూడా అయింది.

చివరికి మా వీధి మొగలో ఆటోలకు వైరింగ్ చేసే పెద్దాయన్ని పిలిచాను. ఆయన బ్యాటరీ వంక చూడనైనా లేదు. "సెల్ఫ్ కొట్టేటప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ ఎప్పుడైనా పట్టుకుని చూశావా బాబూ?" అన్నాడు.

"దానికీ దీనికీ ఏంటి బాబాయ్ సంబంధం?" అన్నాను.

"పట్టుకో మరి" అని తాళం నాలుగైదు సార్లు తిప్పాడు. కేబుల్ చురుక్కుమంది.

కరెంటు బ్యాటరీ ప్లస్ నుంచి బయల్దేరి, పని చేసి, మైనస్‌కు తిరిగి చేరాలి. ఇంట్లో అయితే రాకకూ పోకకూ చెరో వైరు ఉంటుంది. కారులో చాలావరకు ఒక్క వైరే. తిరుగు దారి ఇనుప బాడీ. దీన్నే మెకానిక్కులు ఎర్త్ అంటారు. నిజానికి దానికీ భూమికీ ఏ సంబంధమూ లేదు, కింద ఉన్నవి రబ్బరు టైర్లాయె. వైరు ఖర్చు మిగులుతుందని మొదట్లోనే పెట్టుకున్న ఏర్పాటు ఇది. కొన్ని పాత బ్రిటిష్ కార్లలో బాడీకి ప్లస్‌నే కలిపేవారు. అలాంటి బండి చేతికొస్తే రేడియో బిగించే ముందు కాస్త చూసుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కుంది. ఇంజిన్ అదురు బాడీకి తగలకుండా దాన్ని రబ్బరు మౌంటింగుల మీద కూర్చోబెడతారు. రబ్బరులోంచి కరెంటు పోదు. అందుకే ఇంజిన్ నుంచి బాడీకి జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి బిగిస్తారు. మా కారులో ఆ పట్టీ పోగులన్నీ తెగి, నాలుగైదు మిగిలాయి. సెల్ఫ్ మోటారు ఇంజిన్‌కు బిగించి ఉంటుంది కదా, దాని కరెంటు ఆ పట్టీ గుండానే వెనక్కి రావాలి. దారి మూసుకుపోయేసరికి ఇంజిన్‌నూ బాడీనీ కలిపే మరో లోహపు తీగను వెతుక్కుంది. అదే యాక్సిలరేటర్ కేబుల్. సన్నటి ఉక్కు తీగ అంత కరెంటుకు వేడెక్కక ఏమవుతుంది? కొన్ని బండ్లలో ఆ కేబుళ్ళు పొగలు కక్కుతాయి కూడా.

మరి హెడ్‌లైట్లు ఎలా వెలిగాయి? వాటి ఎర్త్ నేరుగా బాడీకే ఉంది, ఇంజిన్ పట్టీతో పని లేదు. ఒకవేళ ఆ దారినే వెళ్ళినా పెద్ద తేడా తెలిసేది కాదు. అరవై వాట్ల బల్బుకు కావలసింది 5 ఆంపియర్లు. చిన్న కారు సెల్ఫ్‌కైనా సుమారు వంద కావాలి. అతుకు దగ్గర 0.05 ఓమ్‌ల అడ్డంకి ఉందనుకోండి. ఆంపియర్లను ఓమ్‌లతో గుణిస్తే అక్కడ నష్టపోయే వోల్టులు వస్తాయి. బల్బు నష్టపోయేది పావు వోల్టు. సెల్ఫ్ నష్టపోయేది 5 వోల్టులు. ఉన్నదే పన్నెండు. లైట్లు వెలుగుతున్నాయి కాబట్టి కరెంటు దారి బాగున్నట్టే అనుకోవడం ఇక్కడే దెబ్బ కొడుతుంది.

ఈ లెక్కను 1827లో అచ్చు వేసిన గియోర్గ్ ఓమ్ జర్మనీలోని కొలోన్ నగరంలో బడిపంతులు. మొదట్లో ఆయన్నీ బ్యాటరీయే ఇబ్బంది పెట్టింది. అప్పటి బ్యాటరీలు ప్రయోగం మధ్యలోనే నీరసించేవి. వాటిని పక్కన పెట్టి, రెండు లోహాల అతుకులను వేడిలో ఒకటి, చలిలో ఒకటి ఉంచి నిలకడైన కరెంటు తెచ్చుకున్నాక గానీ లెక్క కుదరలేదు. ఆయన మాటను పెద్దలు ఒప్పుకోవడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

అసలు మల్టీమీటర్ కొని నేనే కనిపెట్టబోయానని చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఓమ్‌ల మీద పెట్టి ఇంజిన్‌కూ బాడీకీ మధ్య చూశాను. దాదాపు సున్నా. కనెక్షన్ బాగుందని సంబరపడ్డాను. మీటరు తన వంతుగా పంపేది చీమంత కరెంటు, దానికి నాలుగు పోగులు కాదు, ఒక్క పోగున్నా చాలు. పైగా మీటరు వైర్లకే 0.2 ఓమ్‌ల దాకా ఉంటుంది. నేను వెతుకుతున్న దోషం అందులో నాలుగో వంతు.

గోదావరి కాలువల కింద వ్యవసాయం చేసేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. కాలువ చివర తూము మూసి ఉంచితే, మధ్యలో ఎంత పూడిక ఉన్నా నీళ్ళు ఈ చివరా ఆ చివరా ఒకే మట్టంలో నిలబడతాయి. తూము ఎత్తి నీళ్ళు పారించినప్పుడే పూడిక ఎక్కడుందో బయటపడుతుంది. దానికి ఎగువన మట్టం నిలుస్తుంది, దిగువన పడిపోతుంది. వోల్టేజీ కూడా మట్టం లాంటిదే. పారుతుండగానే కొలవాలి.

కాబట్టి మీటరును డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ మైనస్ సీసపు దిమ్మకే ఆనించాలి, క్లిప్పుకు కాదు. రెండోది ఇంజిన్ మీద గీకి మెరిసే చోట. ఒకరు తాళం తిప్పుతుండగా చూస్తే అంకె అర వోల్టు దాటకూడదు. మా కారులో నాలుగున్నర చూపించింది. తర్వాత రెండో ముల్లును బాడీ మీదికి, క్లిప్పు మీదికి జరుపుకుంటూ వస్తే అంకె ఎక్కడ దబ్బున పడిపోతుందో పూడిక అక్కడే. ప్లస్ వైపు వైరుకూ ఇదే పద్ధతి. పెద్దాయన మీటరు కూడా వాడలేదు. మందపాటి జంపర్ వైరును బ్యాటరీ మైనస్ నుంచి నేరుగా ఇంజిన్‌కు తగిలించాడు. తాళం తిప్పగానే బండి అందుకుంది.

బ్యాటరీని అనుమానించడం తప్పని కాదు. కొలిచి అనుమానించాలి. రాత్రంతా కదలకుండా ఉన్న మంచి బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.2 అంటే సగం ఖాళీ అయినట్టే. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కంటే దిగితే దాని మీదే అనుమానం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు 13.8 నుంచి 14.4 దాకా లేకపోతే డైనమో వైపు చూడాలి. అందరూ డైనమో అంటాం గానీ ఈ కార్లలో ఉండేది ఆల్టర్నేటర్.

పట్టీ మార్చిన నెల్లాళ్ళకు ఇంకో వింత. బ్రేకు తొక్కితే ఎడమవైపు ఇండికేటర్ కూడా మినుకుమంటోంది. స్విచ్చి పోయిందేమో అని టెన్షన్ పడ్డాను గానీ, ఇదీ ఆ తానులో ముక్కే. వెనక దీపాల గూట్లో బ్రేకు, ఇండికేటర్ బల్బులన్నిటికీ కలిపి ఒకటే ఎర్త్ స్క్రూ ఉంది. దాని కింద తుప్పు. బ్రేకు బల్బులోంచి వచ్చిన కరెంటుకు బాడీలోకి దారి లేదు. ఏం చేస్తుంది? పక్కనున్న ఇండికేటర్ ఫిలమెంట్ గుండా ఎదురెక్కుతుంది. ఆ వైరు ముందు వైపు ఇండికేటర్‌తో కలిసి ఉంటుంది, దాని ఎర్త్ బాగుంది. అలా కారు ముందుకు నడిచి అక్కడ బాడీలో దిగుతుంది. పన్నెండు వోల్టులు మూడు బల్బులు పంచుకోవడంతో ఏదీ సరిగా వెలగక నిప్పుకణికల్లా ఎర్రబడతాయి. ఫిలమెంట్ బల్బుకు వోల్టేజీ పది శాతం తగ్గితేనే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది మరి. ఒకటి వేస్తే సంబంధం లేని ఇంకోటి వెలిగే బండి కనిపిస్తే ముందు ఎర్త్ స్క్రూ విప్పండి. పెయింటు, తుప్పు గీకేసి, కొత్త స్క్రూ బిగించి, పైన కాస్త వాజిలిన్ రాయండి.

బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకునే తెల్లటి, నీలపచ్చటి పొడికి వంట సోడా కలిపిన వేడినీళ్ళు చాలు. సోడా ఆమ్లాన్ని విరిచేస్తుంది. విప్పేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ప్లస్ విప్పుతుండగా పానా బాడీకి తగిలితే, మైనస్ ఇంకా కలిసే ఉంటే, ఆ మెరుపు ఒక్కసారి చూస్తే చాలు. చేతికి ఉంగరం ఉంటే తీసేయడం మంచిది.

రాత్రికి రాత్రి ఛార్జీ దిగిపోయే బండి కథ వేరు. మైనస్ వైరు విప్పి, మధ్యలో మీటరును ఆంపియర్ల మీద పెట్టి, ఒక్కో ఫ్యూజూ పీకుతూ పోవాలి. ఏది పీకితే అంకె పడిపోతుందో దొంగ ఆ వైపున్నాడు. మీటరు అలా ఉండగా తాళం తిప్పారో, అందులో ఫ్యూజు ఎగిరిపోతుంది. మా బావగారి కారులో ఆ దొంగ డిక్కీ దీపం. మూత వేసినా ఆరని ఐదు వాట్ల బల్బు. 35 ఆంపియర్-అవర్ల, అంటే ఒక ఆంపియరు కరెంటును 35 గంటలు ఇవ్వగల బ్యాటరీని అది మూడున్నర రోజుల్లో ఖాళీ చేస్తుంది. బల్బు పీకేశాం. డిక్కీలో చీకట్లో వెతుక్కోవాల్సి వస్తోందని ఆయన ఇప్పటికీ సణుగుతూనే ఉంటారు.