పురుగు కాలు పట్టుకుని ప్రయాణం

1882 ఫిబ్రవరిలో ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌కు చెందిన వాల్టర్ క్రిక్ అనే చెప్పుల వ్యాపారికి ఒక నీటి పురుగు దొరికింది. దాని కాలును ఓ బుల్లి ఆల్చిప్ప గట్టిగా కరిచి పట్టుకుని ఉంది. ఆయన ఆ సంగతి చార్లెస్ డార్విన్‌కు ఉత్తరం రాశాడు. డార్విన్ దాని మీద ‘నేచర్’ పత్రికకు చిన్న వ్యాసం పంపాడు. అది ఏప్రిల్ 6న అచ్చయింది, 19న ఆయన కన్నుమూశాడు. అన్నట్టు, ఈ చెప్పుల వ్యాపారి మనవడే డీఎన్‌ఏ నిర్మాణం కనిపెట్టినవాళ్లలో ఒకడైన ఫ్రాన్సిస్ క్రిక్.

అంత పెద్దాయన చివరి రోజుల్లో అంత చిన్న చిప్ప మీద ఎందుకు మనసు పెట్టాడు? ఈ చిప్పకు ఎగరడం రాదు, నేల మీద నడవడం రాదు. అలాంటి జీవి ఒకదానితో ఒకటి కలవని చెరువులన్నింటిలో ఎలా కనిపిస్తోంది? ఇదీ ఆయన్ను ఏళ్లుగా తొలిచిన ప్రశ్న. నీటి పురుగులు ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకు ఎగిరి వెళతాయి. జవాబు ఆ కాలికే వేలాడుతోంది.

ఈ చిప్పల కుటుంబం పేరు స్ఫేరిడే. పెద్దవి చిటికెన వేలి గోరంత, చిన్నవి ఆవగింజ కంటే కాస్త పెద్దవి, అంతే. ఇంగ్లిష్‌వాళ్లు వీటిని గోరు చిప్పలనీ, బఠాణీ చిప్పలనీ పిలుస్తారు. మన దేశంలోనూ కొన్ని జాతులున్నాయి. బురదలో దాక్కుని, మొప్పలతో నీటిని వడకట్టుకుని తింటూ బతుకుతాయి.

సరే, కాలు పట్టుకుని కొత్త చెరువుకు చేరింది. ఒక్కటే చేరితే సంతానం ఎలా? అసలు తమాషా ఇక్కడే ఉంది. మన చెరువుల్లో ఉండే పెద్ద ఆల్చిప్పలు లెక్కలేనన్ని లార్వాలను నీళ్లలోకి వదిలేస్తాయి. అవి చేప మొప్పలకో రెక్కలకో అతుక్కుంటేనే బతుకుతాయి, లేకపోతే అంతే సంగతులు. గోరు చిప్పకు చేప అవసరం లేదు, జత కూడా తప్పనిసరి కాదు. ఒకే ఒంట్లో ఆడా మగా రెండూ ఉంటాయి, తనలో తానే ఫలదీకరణ చేసుకోగలదు. పిల్లలను మొప్పల్లోని సంచుల్లో పెట్టుకుని పెంచుతుంది. స్ఫేరియం అనే ప్రజాతిలో అయితే ఒకే తల్లి మొప్పల్లో రకరకాల వయసుల పిల్లలు కలిసే ఉంటారు, ఉమ్మడి కుటుంబంలాగా. పుట్టేవి కొన్నే, కానీ బయటికి వచ్చేసరికే గుల్లతో సహా అచ్చం తల్లిలాగే ఉంటాయి. అందుకే కడుపుతో ఉన్న ఒక్క చిప్ప చేరినా ఆ చెరువులో వంశం నిలబడవచ్చు.

వేసవికి ఎండిపోయే గుంటల్లో ఉండే కొన్ని జాతులు తడి బురదలోకి దిగి, గుల్ల మూసుకుని, మళ్లీ నీళ్లు వచ్చేదాకా ఆగుతాయి.

అయితే చేరిన చోట బురద బాగుండాలి. అమెరికాలోని ఇల్లినాయ్ నదిలో 1950ల మధ్యలో ఈ గోరు చిప్పలు ఒక్కసారిగా చాలావరకు చనిపోయాయి. వీటిని తినడానికి వలసలో అక్కడ గుంపులు గుంపులుగా దిగే స్కాప్ బాతులు కూడా ఆ నదికి రావడం బాగా తగ్గించేశాయి.